కొండెక్కే సిమెంటుకి 10 వేలేనా?



2024 ఆగస్టు 9 గుర్తుందా? మనమంతా థింసా ఆడి, ర్యాలీ తీసి, స్టేటస్‌లు పెట్టుకున్న రోజు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో కేంద్ర క్యాబినెట్ ఇళ్ల మీద రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి పట్టణాలకి. పీఎం ఆవాస్ అర్బన్ 2.0, కోటి ఇళ్లు, సొంత జాగాలో కట్టుకునే పేదలకి కేంద్రం, రాష్ట్రం కలిపి 2.50 లక్షల వరకు. రెండోది పల్లెలకి. ఇంకో 2 కోట్ల ఇళ్లు ఇస్తామన్నారు, ఇంటికి ఇచ్చే సొమ్ము మాత్రం 2016లో పెట్టిందే. మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు.

తేడా ఎంత? 10 వేలు. సిమెంటు, ఇనుము, ఇసుక కొండెక్కడానికి సర్కారు కట్టిన ఖరీదు అది. ఆదివాసీ దినోత్సవం రోజున మనకొచ్చిన బహుమతి!

"సిటీలో పని స్పీడుగా అవుద్ది, మీ దగ్గర కాదు, మీవాళ్లే కట్టుకోరు" అని ఆఫీసుల్లో అంటుంటారు. చెన్నైలో లైట్ హౌస్ ప్రాజెక్టు చూడండి. 2021 జనవరి 1న శంకుస్థాపన, 2022 మే 26న ప్రారంభం, 1,152 ఇళ్లు. మధ్యలో కరోనా కూడా ఉంది. ఎలా అయ్యింది? ఫ్యాక్టరీలో పోసిన గోడలు, స్లాబులు లారీల్లో తెచ్చి క్రేన్‌తో నిలబెట్టారు. మామూలు సాయం కాకుండా కొత్త టెక్నాలజీకని కేంద్రం విడిగా గ్రాంటు ఇచ్చింది. ఇల్లు దక్కించుకున్నోళ్లు ఒక్క సిమెంటు బస్తా మొయ్యలేదు. డబ్బు, లారీ, క్రేన్, బాధ్యత అన్నీ సర్కారే చూసుకుంటే ఎక్కడైనా స్పీడు వస్తుంది.

మరి మన దగ్గర? మా చిన్నాన్న ఇల్లు బేస్‌మెంట్ దగ్గర ఆగి రెండు వానాకాలాలు అయ్యింది. ముందు తన చేతి డబ్బుతో కట్టాలి, తర్వాత ఫోటో తియ్యాలి, ఆ ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కితేనే తర్వాతి బిల్లు. ఊర్లో సిగ్నల్ లేదు. రోడ్డు ఆగిపోయిన కాడి నుంచి బస్తాలు నెత్తిమీద మోసుకెళ్లాలి, ఆ మోతకూలి ఏ లెక్కలోనూ లేదు. ఉపాధి హామీలో 95 రోజుల కూలి ఇస్తున్నాం కదా అంటారు. అది గోడ లేపే పనికే చాలదు సార్.

జన్‌మన్ వచ్చింది, ఒప్పుకుంటా. కొండరెడ్డికి, చెంచుకి 2 లక్షలు, మంచిదే. కానీ అదే కొండ మీద పక్కింటి కొండదొరకి 1.30 లక్షలే. ఇద్దరూ ఎక్కేది ఒకటే దారి! మనలో మనకి తగువు పెట్టడానికి తప్ప ఈ లెక్క ఎందుకు పనికొస్తుంది?

పట్నాలకి ఇవ్వొద్దని నేను అనట్లేదు. అక్కడ సెంట్రింగ్ పనికి పోయేవాళ్లలో మనోళ్లు తక్కువేం కాదు, వాళ్లకీ అక్కడ గూడు కావాలి. నేనడిగేది ఒకటే. రోడ్డు చివరి నుంచి ఊరిదాకా మోతఖర్చు ఇంటి సొమ్ములో కలపకుండా విడిగా ఇవ్వాలి, మొదటి విడత పునాది తవ్వకముందే పడాలి. సిగ్నల్ లేని ఊర్లో ఫోటో కోసం బిల్లు ఆపకూడదు.

సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆగిపోయిన ఇళ్లు లెక్కపెట్టండి. ఏ దశలో ఆగింది, రోడ్డు నుంచి ఎన్ని కిలోమీటర్లు, చివరి బిల్లు ఎప్పుడు పడింది, ఈ మూడూ రాసుకురండి. గ్రామసభ తీర్మానంతో కలిపి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అందరం ఒకే రోజు ఇద్దాం.

జై ఆదివాసీ.