ఆ ఫొటో ఎవరిది?

సెలూన్ గోడకు అభిమాన హీరో ఫొటో అంటించుకోవడం మన ఊళ్లలో తరాల నాటి ముచ్చట. సినిమా పత్రిక నడిమి పేజీ చింపి, మైదా పిండితో అతికించిన ఆ బొమ్మ మీద ఏ హీరోకూ కోపం రాలేదు, ఏ లాయరూ నోటీసు పంపలేదు. ఇప్పుడా సెలూన్‌కూ ఓ వెబ్‌సైటు వచ్చింది. గూగుల్‌లో వెతికి, దొరికిన ఫొటో దించుకుని, పక్కన రేట్ల పట్టిక పెట్టేస్తున్నారు. అభిమానం పాతదే. చట్టం దృష్టిలో మాత్రం వ్యవహారం మారిపోయింది.

ఇక్కడ ఇద్దరికి జవాబు చెప్పుకోవాలి. మొదటివారు కెమెరా పట్టినవారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద తొలి హక్కు సాధారణంగా తీసినవారిదే. డబ్బిచ్చి తీయించుకుంటే తీయించుకున్నవారిది, ఉద్యోగంలో భాగంగా తీస్తే సంస్థది. తీసినవారి జీవితకాలమంతా, వారు పోయాక మరో 60 ఏళ్ల దాకా ఆ హక్కు నిలుస్తుంది. ఫొటోలో ఉన్నది తానే అయినంత మాత్రాన తారకు దక్కదు. వీధిలో తనను తీసిన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నందుకు మోడల్ జిజి హదీద్ మీద 2019లో ఓ ఏజెన్సీ న్యూయార్క్ కోర్టుకెక్కింది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ కాలేదన్న కారణంతో ఆ దావా వీగిపోయిందనుకోండి. తన ముఖానికి ఇంకొకరి అనుమతా అని నవ్వొస్తుంది గానీ, గంటల తరబడి ఎండలో నిలబడి తీసినవాడి కూడు అది.

రెండోవారు తారలు. వారి రూపాన్ని, పేరును అడక్కుండా వ్యాపారానికి వాడుకోకూడదన్న హక్కుకు మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు, తీర్పుల మీద తీర్పులుగా అల్లుకొచ్చింది. అమితాబ్, జయాబచ్చన్‌లున్న తనిష్క్ ప్రకటనను పోలిన హోర్డింగు పెట్టిన నగల దుకాణాన్ని 2012లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది. 2025 సెప్టెంబరులో నాగార్జున అదే హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. కృత్రిమ మేధతో ముఖాలు మార్చేసే కాలంలో ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. 2023లో రష్మిక మందన్న ముఖం అతికించిన నకిలీ వీడియో కేసులో పోలీసులు చివరికి పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్ యువకుణ్ణి. ఆమె పేరిట ఫ్యాన్ పేజీ నడుపుతూ, ఫాలోయర్ల కోసమే ఆ పని చేశాడని వారు చెప్పారు. అభిమానం ఇంత దూరం పోతుందా అని ముక్కున వేలేసుకోవాల్సి వచ్చింది.

అలాగని ప్రతి ఫొటో నేరం కాదు. వార్తకు, సమీక్షకు, విమర్శకు తగుమేర వాడుకోవడాన్ని కాపీరైట్ చట్టమే అనుమతిస్తోంది. వ్యంగ్యానికీ చోటుండాలని ఢిల్లీ హైకోర్టు అనిల్ కపూర్ కేసులో గుర్తించింది. తారల ఉత్తర్వులు గుర్తుతెలియని వారందరికీ వర్తించేంత విశాలంగా వస్తున్నప్పుడు, కార్టూన్ గీసుకునేవాడికి ఆ మాట కొండంత అండ.

మనకు చివుక్కుమనిపించేది ఇంకొకటి. పేరున్న తారకు కోర్టు తలుపు త్వరగానే తెరుచుకుంటోంది, ఫొటో తీసినవాణ్ణి పట్టించుకునేవారే లేరు. కింద మూలన సన్నటి అక్షరాల్లో ఉన్న అతని పేరును ఒద్దికగా కత్తిరించి, ‘సోర్స్: గూగుల్’ అని రాస్తారు. గూగుల్ ఏనాడూ కెమెరా భుజాన వేసుకుని ఆడియో ఫంక్షన్‌కు రాలేదు! పోనీ, పేరు వేసినా అది అనుమతి కిందికి రాదు. కావాలని కాపీరైట్ ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు తగ్గించవచ్చు, అంతే.

సినిమావాళ్లు ప్రచారానికి పంచే స్టిల్స్ కూడా ఆ సినిమా కబుర్ల వరకే, మన దుకాణం ప్రకటనకు కాదు. అభిమానులు, చిన్న వ్యాపారులు ఫొటో పెట్టే ముందు తీసినవారెవరో కనుక్కోండి, ఒక మాట అడగండి. ప్రకటనకైతే తార ఒప్పుకోలు లేనిదే ఆ ముఖం జోలికి పోవద్దు. మూలన ఉన్న పేరును మాత్రం ఎప్పుడూ చెరపకండి.