కబాడీకి ఇచ్చే ముందు ఒక్క మాట



మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో అటకెక్కిన విండోస్ 98 కంప్యూటర్లను తుక్కు కింద తూకానికి అమ్మేస్తున్నవాళ్లతో నాకు తగాదా ఉంది. రిపేరుకి తీసుకెళితే షాపులో "ఏటి భాయ్, ఇంకా ఇదేనా? కొత్తది కొనేయండి" అంటారు. కొనండి, బేషక్! కానీ పాతదాని కడుపులో ఏముందో చూశారా?

1994లో ఇన్‌పేజ్ వచ్చాక కంప్యూటర్ మీద ఉర్దూ నస్తాలీఖ్ రాయడం మామూలు మనిషికీ అందింది. షాదీ రుఖాలు, మద్రసా పర్చాలు, ఖాందాన్ షజ్రాలు అందులోనే టైపు చేశారు. ఆ పాత ఫైళ్లు యూనికోడ్ కావు, నేటి వర్డ్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. ఉన్నది ఉన్నట్టు చూడాలంటే ఆ సాఫ్ట్‌వేర్ నడిచే మిషనే నమ్మకమైన దారి. మరి దాన్ని అమ్మేస్తే? షజ్రాతో పాటు ఇంటి ఆడవాళ్ల ఫొటోలు కూడా గైర్ల చేతికి పోతాయి.

మొదట ఖరాబయ్యేది హార్డ్ డిస్కే. అది తిరిగే పళ్లెం, దాని మీద వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో తేలే హెడ్. మన తీరంలో ఉప్పుగాలి, తేమ, హఠాత్తుగా పోయే కరెంటు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మనకు తెలియనివా?

ఇలాజ్ ఉంది. ముందు పాత డిస్క్‌ను పూర్తిగా కాపీ చేయించండి. తర్వాత ఐడీఈ కేబుల్‌కి చిన్న అడాప్టర్, అందులో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు. ఆ కార్డుకి ఐడీఈ భాష పుట్టుకతోనే వచ్చు. కదిలే భాగం లేదు, చప్పుడు లేదు. పెద్ద ఎస్‌ఎస్‌డీ మీద మోజు వద్దు. విండోస్ 98కి 137 జీబీ దాటితే కుదరదు, పాత బయోస్‌లు కొన్ని 8 జీబీకో 32 జీబీకో ఆగిపోతాయి. చిన్న కార్డే కాఫీ. బ్రిటన్‌లో 1980ల నాటి స్పెక్ట్రమ్‌లకు టేపుల బదులు ఎస్‌డీ కార్డులు తగిలిస్తున్నారు. వాళ్లు ఆటల కోసం అంత శ్రమ పడుతుంటే, బాప్‌దాదాల పేర్ల కోసం మనం ఈ మాత్రం చేయలేమా?

"ఇది ఇస్రాఫ్ కదా బేటా" అనే బుజుర్గులకు అదబ్‌తోనే నా జవాబు: పనికొచ్చే మిషన్‌ను పారేయడమే ఇస్రాఫ్. "డిస్క్ మారిస్తే చీజ్ అస్లీ కాదు" అనే షౌఖీన్లకు ఇంకో జవాబు: తీసిన డిస్క్‌ను డబ్బాలో దాచుకోండి, ఎవరు వద్దన్నారు? ఆగిపోయిన అస్లీతో ఎవరికి ఫాయిదా?

ఒక ఖబర్దార్. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఫ్లాష్ కార్డు కూడా యాది మరుస్తుంది. కాబట్టి మరో రెండు చోట్ల కాపీ ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న రిష్తేదార్ల ఇంట్లో.

మన పిల్లల్లో ఉర్దూ చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. పర్‌దాదా పేరు, దాదీమా పుట్టిన ఊరు ఆ ఒక్క ఫైల్లోనే ఉండొచ్చు. అది మన చేతిలోని అమానత్. ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంటికెళ్లి అటక దించండి. మిషన్ అమ్ముకోవాలంటే తర్వాత అమ్ముకోండి, ముందు అమానత్ బయటికి తీయండి.