కొద్దిగా తిని చలిని గెలిచే చేప

ఈ నెల మేము పరిచయం చేస్తున్న జీవి ట్రౌట్ చేప. దీనికి చల్లని, తేటయైన పారే నీరు కావాలి. బ్రౌన్ ట్రౌట్ గ్రుడ్లను 1900 ప్రాంతంలో స్కాట్లాండు నుండి కాశ్మీరుకు తెచ్చి పొదిగించారు. తరువాత హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్, తీర్థన్ నదులలోనూ ఇది స్థిరపడింది.

మంచు కురిసే నెలల్లో ఇది ఎలా బ్రదుకుతుంది? చేపకు మనవలె ఒంట్లో స్థిరమైన వేడి ఉండదు. నీరు 4, 5 డిగ్రీలకు చల్లబడితే దాని జీర్ణశక్తి బాగా మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. అయినా తినడం మానదు. ప్రవాహం నెమ్మదిగా ఉండే లోతైన మడుగులో నిలిచి, నీటిలో కొట్టుకొచ్చే పురుగుల లార్వాలను అందినంత మట్టుకే పట్టుకుంటుంది. దూరపు మేత కోసం ఎదురీదదు. అలా ఈదితే వచ్చే బలం కంటే పోయే బలమే ఎక్కువ. చిన్న ట్రౌట్‌లైతే పగలు రాళ్ల సందుల్లో దాగి, రాత్రివేళ మేతకు బయలుదేరుతాయి.

బ్రౌన్ ట్రౌట్ గ్రుడ్లు గులకరాళ్ల క్రింద ఉండేదీ ఈ కాలంలోనే. అందుకే హిమాచల్‌లో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ట్రౌట్ వేట నిషేధం.

చలికాలంలో కులూ, మనాలీ చూడబోయే మన కుటుంబాలకు ఒక మనవి. పిల్లలు సరదాకు ఏటిలో దిగి రాళ్లు తిరగవేస్తే, దాగిన చేప బెదిరి పరుగెత్తుతుంది. నెలల తరబడి పొదుపు చేసుకున్న బలం కరిగిపోతుంది. కాలి క్రింద గ్రుడ్లు నలుగుతాయి. ఒడ్డున నిలిచి చూద్దాము, చూపిద్దాము.