ఆ పిల్లాడికి ఓ స్టూలు వెయ్యండి, సేఠ్!

మొన్న ఈద్ నమాజ్‌ని మా ఖాలా కొడుకు కుర్చీలో కూర్చుని చదివాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. పక్కనే డెబ్బై దాటిన మా మామూ సజ్దా చేసి హాయిగా లేచాడు.

వాడు పత్తర్‌గట్టీలో ఓ బట్టల దుకాణంలో సేల్స్‌మన్. రంజాన్ నెలంతా మధ్యాహ్నం నుంచి సెహ్రీ వేళ దాకా నిలబడే ఉన్నాడు. పై అంతస్తు గోదాం నుంచి మూటలు వీపున మోసి దించాడు. పన్నెండో రోజాకే కమర్ పట్టేసింది. బామ్ రాసుకుని వెళ్లాడు. చాంద్‌రాత్ నాడు వంగినవాడు లేవలేకపోయాడు. సేఠ్ ఇంటికి పంపాడు, ఆ రోజు పగార్ కోసి మరీ.

అదే దుకాణంలో గిరాకీల కోసం మెత్తటి కుర్చీలు వరసగా ఉంటాయి. ఖాళీగా ఉన్నా వాడు కూర్చోకూడదు. కూర్చుంటే కామ్‌చోర్! ఆ సేఠే నోట్లు లెక్కపెట్టి జకాత్ పంచుతాడు. మజ్దూర్ చెమట గురించిన హదీస్ ఆయనకు జుబానీ వచ్చు. నౌకర్ల పిక్కల మీద ఉబ్బిన నీలి నరాలు మాత్రం కనపడవు.

మనమూ తక్కువ తినలేదు. రాత్రి రెండింటికి వెళ్లి, యాభై సూట్లు విప్పించి, 'ఫిర్ ఆతే' అని లేచొస్తాం.

దీన్ని తక్దీర్ అనకండి. క్రికెటర్ తొడ పట్టేస్తే ఫిజియో మైదానంలోకి ఉరికొస్తాడు. పట్టెయ్యకముందే ఎలా వంగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ట్రైనర్ జట్టు వెంటే ఉంటాడు. అమెరికాలో కొన్ని గోదాములు, ఫ్యాక్టరీలు అలాంటి అథ్లెటిక్ ట్రైనర్లనే మజ్దూర్ల కోసం పెట్టుకున్నాయి. బరువెత్తే తీరు సరిచేస్తారు, నొప్పిని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటారు. రోజంతా మూటలు మోసేవాడు ఖిలాడీ కాడా?

అంత ఖర్చు మనకెక్కడిది అంటారు. పది దుకాణాలు కలిసి వారానికోసారి ఒక ఫిజియోథెరపిస్టుని పిలవలేవా? ఇఫ్తార్ దావత్‌లకు షామియానాలు వేయించే బజార్ పెద్దలకు అదో లెక్కా? జర ఆగండి, స్టూలు ఇవ్వకుండా కసరత్తు మాత్రం నేర్పిస్తే అది ధోకా. ముందు కూర్చోనివ్వండి.

ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని 1948 చట్టమే చెప్పింది. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కొట్లాడారు. 2018లో అక్కడ దుకాణాల చట్టంలోకి ఆ హక్ వచ్చింది. 2021లో తమిళనాడు కూడా రాసుకుంది. మన బజార్లో ఆ మాట ఎత్తడానికే పిల్లలు భయపడుతున్నారు.

మావాడు నిన్న మళ్లీ పనిలోకెళ్లాడు. నడుముకి బెల్టు కట్టుకున్నాడు, చొక్కా కింద కనపడకుండా. సేఠ్ చూస్తే తీసేస్తాడట.