పాతదానిని బాగుచేయడం, కొత్తదిగా చూపడం

మిడుతూరు పరిసరాలకు చెందిన ఒక పెద్దమనిషి మాకు లేఖ రాశారు. వారి కుమారుడు నంద్యాలలో ఉద్యోగం చేస్తున్నాడు. జీతంలో కొంత భాగాన్ని పాత చేతి గడియారాలు కొనడానికీ, వాటిని బాగుచేయించడానికీ వెచ్చిస్తున్నాడు. ఇప్పుడు ఒక పాత అంబాసిడర్ కారు మీద కూడా మనసు పడ్డాడట. ‘ఇది దుబారా కాదా? వాడికి వద్దని ఎలా చెప్పాలి?’ అన్నది వారి ప్రశ్న. లేఖ చివర ప్రశ్నగా కాక, ఫిర్యాదుగా మరొక మాట ఉన్నది. మరణించిన తమ తండ్రిగారి హెచ్‌ఎంటీ జనతా వాచీని కూడా ఆ అబ్బాయే తీసుకుని, డయలుకు కొత్త రంగు వేయించడానికి పంపాడట. మా దృష్టిలో అసలు విషయం ఆ చివరి మాటలోనే ఉన్నది. దానికి వద్దాము.

ముందుగా, అబ్బాయి చేతిలో ఉన్నది ఎటువంటి వస్తువో తండ్రిగారు తెలుసుకోవడం మంచిది. హిందుస్తాన్ మెషీన్ టూల్స్ సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. ‘జనతా’ ఆ సంస్థ వాచీలలో సామాన్యులకు మిక్కిలి చేరువైనది. దానికి బ్యాటరీ ఉండదు. ఉదయం కీ ఇస్తే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది, అది మెల్లగా విడుతూ చక్రాలను నడిపిస్తుంది. డయలు మీద రాసి ఉండే 17 జ్యువెల్స్ అన్న మాటను చూసి అవి విలువైన కెంపులని భ్రమపడేవారు నేటికీ ఉన్నారు. అవి కృత్రిమంగా తయారుచేసిన చిన్న రాళ్ళు. ఇరుసులు ఒరుసుకొని అరిగిపోకుండా వాటి కొనలను ఆ రాళ్ళ గుంటలలో నిలుపుతారు, అంతే.

ఆ గడియారంలోని బ్యాలెన్సు చక్రం సెకండుకు 5 మార్లు కొట్టుకుంటుంది. రోజుకు 86,400 సెకండ్లు, అనగా 4,32,000 కదలికలు. ఇన్ని కదలికలలో రోజు మొత్తానికి పది సెకండ్లు తప్పితే మనం ‘వాచీ స్లో అయింది’ అని విసుక్కుంటాము! ఇరుసులకు వేసిన నూనె కొన్నేళ్ళకు చిక్కబడి, ఎండిపోతుంది. నూనె ఎండిన తరువాత కూడా కీ ఇచ్చి నడిపితే లోహం లోహాన్ని తినివేస్తుంది. కనుక బీరువాలో దాచినంత మాత్రాన వాచీ భద్రంగా ఉన్నదనుకోరాదు. విడదీసి, కడిగి, చుక్క చుక్కగా నూనె వేసి, తిరిగి కూర్చాలి. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో ఆవగింజంత మరను పట్టుకుని కూర్చునే ఈ పనితో మన పట్టణాలలో ఎన్నో కుటుంబాలు బతికాయి. బ్యాటరీ వాచీలు వచ్చాయి, వాటి తరువాత సెల్‌ఫోన్లు వచ్చాయి. హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు ఒక జనతా వాచీని బతికించడానికి కావలసిన భాగం చాలాసార్లు చనిపోయిన మరొక జనతా వాచీలోనే దొరుకుతుంది.

ఈ విద్యతో మనకు పరాయితనం లేదు. అయిదు పూటల నమాజుకు వేళ తెలియాలి కాబట్టి పెద్ద మసీదులలో ‘మువక్కిత్’ అనే కాలనిర్ణేతను నియమించేవారు. డమాస్కస్‌లోని ఉమవీ మసీదులో ఆ బాధ్యత వహించిన ఇబ్ను షాతిర్ 14వ శతాబ్దపు గొప్ప ఖగోళవేత్త. ఆ మసీదు మీనారు కోసం నీడ గడియారాన్ని రూపొందించింది ఆయనే. అంతకు పూర్వమే, 1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథాన్ని పూర్తిచేశారు. అందులో ఏనుగు ఆకారంలోని నీటి గడియారం లోకప్రసిద్ధం. నేడు మన మసీదులలో జమాఅత్ వేళలు చూపే బోర్డు మీద ముళ్ళను చేతితో జరుపుతున్నాము. ఆ ముళ్ళ వెనుక ఇంత చరిత్ర ఉన్నదని పిల్లలకు చెప్పేవారు అరుదు. ఒక యువకుడు సెల్‌ఫోనులో రీళ్ళు చూస్తూ రాత్రులు గడపడం కంటే ఒక మరను విప్పి దాని పనితీరు తెలుసుకోవడం ఎంతో మేలని మా అభిప్రాయం.

అయితే బాగుచేయడం వేరు, వేషం వేయడం వేరు. ఈ వ్యాపారంలో నేడు జరుగుతున్నదేమిటో చూడండి. వెలిసిన డయలును గీకి, ముదురు నీలమో ఎరుపో పూసి, అక్షరాలు మళ్ళీ అచ్చువేస్తారు. ఒక వాచీ కేసులో మరొక వాచీ యంత్రాన్ని, మూడవదాని ముళ్ళను అమరుస్తారు. దానిని ‘వాడని పాత సరుకు’ అని చెప్పి అమ్ముతారు. మదీనా అంగడిలో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన వృత్తాంతం మన పాఠకులకు తెలిసినదే. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి వారు నిలదీశారు, మోసగించేవాడు తమవాడు కాడన్నారు. వర్షానికి ధాన్యం తడవడం ఆ వర్తకుని నేరం కాదు, తడిని కప్పిపుచ్చడమే నేరం. అలాగే మార్చిన ముల్లు తప్పు కాదు. ‘ఈ ముల్లు మార్చాము, ఈ డయలుకు రంగు వేశాము’ అని కొనేవారికి చెప్పకపోవడం తప్పు. పెద్దమనిషి గారి కుమారుడు కొన్న వాచీలలో దేనినైనా రేపు అమ్మదలిస్తే ఈ నియమం అతనికీ వర్తిస్తుంది. సందర్భవశాత్తూ మరొక మాట: 1960ల వరకు చీకటిలో వెలిగే అంకెలకు కొన్ని వాచీలలో రేడియం పూసేవారు. అటువంటి డయలును ఇంట్లో గీకడం, ఆ పొడిని పీల్చడం ప్రమాదకరం.

వస్తువును వస్తువుగానే నిలబెట్టడం ఎలాగో చూడదలచినవారు హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం ముందు నిలబడాలి. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ పేరు గల ఆ గడియారంలో గంట గంటకూ ఒక బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి వెళుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు దానిని చూడడానికి జనం గుమికూడతారు. అది అద్దాల వెనుక పడి ఉన్న శవం కాదు, పనిచేస్తున్న యంత్రం. కార్ల విషయానికి వస్తే, చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు ఇచ్చిన ఆ కారు ఊరేగింపులకే తప్ప ఎక్కువ దూరం తిరగలేదు. ఆర్డరు ఇచ్చిన 1911లోనే ఆయన కన్నుమూశారు. ఆ సింహాసనపు సీటులో కూర్చునే భాగ్యం ఏడవ నిజాముకు దక్కింది.

అంబాసిడర్ సంగతి వేరు. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి ఉండాలి, మూలరూపం చెడకూడదు. కొత్తగా నమోదుకు రూ. 20,000 రుసుము. అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికి మాత్రమే రోడ్డు ఎక్కించాలి, నిత్యం తిరగడానికి కాదు. అంబాసిడర్ తయారీ 2014 వరకు సాగింది. కనుక అబ్బాయి చూస్తున్న కారు ఏ సంవత్సరానిదో కాగితాలలో చూడాలి. 50 ఏళ్ళు నిండకపోతే అది చట్టం దృష్టిలో మామూలు పాత కారే, 15 ఏళ్ళ గడువు దాటిన రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకోవలసినదే. వాచీ జేబులో ఇముడుతుంది. కారుకు షెడ్డు కావాలి, తుప్పు పట్టిన ప్రతి రేకుకూ డబ్బు కావాలి. భార్యాబిడ్డల పోషణ, అప్పులు, జకాత్ అన్నీ తీరిన తరువాత మిగిలిన సొమ్ముతో అయితే మేము హరామని చెప్పలేము. అప్పు చేసి కొనే ఆలోచన ఉంటే మాత్రం తండ్రిగారు నిక్కచ్చిగా వద్దనాలి.

జకాత్ గురించి అడగలేదు గానీ, చెప్పడం అవసరం. సొంత వాడకానికి, ఇష్టానికి ఉంచుకున్న వాచీలకు జకాత్ లేదు. తిరిగి అమ్మాలనే ఉద్దేశంతో కొన్నవి వర్తక సరుకు అవుతాయి. ఏడాది నిండిన నాటి మార్కెట్ ధరపై నూటికి రెండున్నర చొప్పున చెల్లించాలి. అసలు బంగారు కేసు గల వాచీని పురుషుడు ధరించరాదు. అందులోని బంగారానికి హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ లెక్క కూడా ఉంటుంది.

ఇక తాతగారి జనతా వాచీ. ఆస్తి పంపకం నాడు దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని, అమ్మగారు అంతకుముందే గతించారని, తమకు ఇద్దరు చెల్లెళ్ళని పెద్దమనిషి రాశారు. అట్లయితే ఆ వాచీలో సగం వారిది, పావు వంతు చొప్పున చెల్లెళ్ళది. మనవడికి అందులో వాటా లేదు. అది పొలం కాదు, ఇల్లు కాదు, చిన్న వాచీయే కదా అనరాదు. మన ఇళ్ళలో ఆడపడుచుల హక్కు ముందుగా పోయేది ఇటువంటి చిన్న వస్తువుల వద్దనే. ధర కట్టి ఒకరు ఉంచుకుని తక్కినవారికి చెల్లించవచ్చు, లేదా చెల్లెళ్ళు మనస్ఫూర్తిగా వదులుకోవచ్చు. అన్నయ్య ముందు మొహమాటంతో నోరు మెదపకపోవడం సమ్మతి కాదు. వారికి డబ్బు అక్కరలేకపోవచ్చు. నాన్నగారి చేతికి ఉన్న వాచీని యథాతథంగా చూడాలని ఉండవచ్చు. డయలును ఒకసారి గీకితే ఆ అవకాశం తిరిగి రాదు.

కనుక పెద్దమనిషి గారికి మా సలహా ఇది. రంగు పని ఆపమని ఆ వాచీ మేకర్‌కు ఈ రోజే ఫోను చేయించండి. తరువాత అబ్బాయినే మేనత్తల వద్దకు పంపి అడిగించండి. వారు సమ్మతిస్తే యంత్రాన్ని కడిగించి, నూనె వేయించి, అద్దం పగిలి ఉంటే మార్పించి, డయలు మీది మరకను అలాగే ఉండనివ్వండి.