పీహెచ్‌సీల్లో మనోవేదనకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలని వినతిపత్రం

గౌరవనీయులైన ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి, భద్రాచలం;
జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి గారికి, భద్రాద్రి కొత్తగూడెం.

అయ్యా,

చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో గూడెం గూడెం తిరిగే ఆశా కార్యకర్తలం, మహిళా సంఘాల సభ్యులం కలిసి చేసుకుంటున్న విన్నపం ఇది.

మనాది పట్టుకుందని చెప్పుకొని పీహెచ్‌సీకి ఎవరూ రారు. తల బరువంటారు, గుండె దడంటారు, రాత్రంతా కన్నంటడం లేదంటారు. బీపీ చూస్తారు, రక్తపరీక్ష చేస్తారు, అన్నీ బాగానే ఉంటాయి. బలానికి గోలీలిస్తారు. పట్టుబడితే సెలైన్ పెడతారు. నెల తిరక్కుండానే అదే మనిషి అదే బాధతో మళ్లీ వస్తుంది. డాక్టరు గార్లను తప్పుపట్టడం లేదు. ఓపీ లైను గేటు దాకా ఉంటే ఒక్కరి దగ్గర అరగంట కూర్చోవడం ఎవరి తరమూ కాదు. ఆ అరగంట కూర్చునే మనిషిని ఇవ్వమనే మేము అడుగుతున్నది.

ఇది అయ్యే పనే. గోవాలో పది పీహెచ్‌సీల్లో తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్న 495 మందితో చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అక్కడ కౌన్సెలింగ్ చేసినవారు డాక్టర్లు కారు, సైకాలజిస్టులూ కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఒక్కొక్కరితో ఆరు నుంచి ఎనిమిదిసార్లు, ప్రతిసారీ 30-40 నిమిషాలు కూర్చున్నారు. వారి దగ్గరికి వెళ్లినవారిలో మూడు నెలలకు 64 శాతం మంది కోలుకున్నారు. ఆ కౌన్సెలింగ్ లేనివారిలో కోలుకున్నది 39 శాతమే. ఉపదేశాలతో సాధించింది కాదిది. దిగులుతో ఏయే పనులు మానేశారో అడిగారు. మన దగ్గరైతే పొదుపు సంఘం మీటింగు, సంత, నలుగురితో కలిసి తునికాకు కోతకు పోవడం లాంటివి. వాటిలో చిన్నదొకటి వాళ్లనే ఎంచుకోమని చెప్పి, చేయలేకపోతే ఏం అడ్డొచ్చిందో తర్వాతి వారం కలిసి ఆలోచించారు.

అప్పట్లో మనకు ఆనుకొని ఉన్న ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే కార్యక్రమం జరిగింది. మాలాంటి ఆశాలే ట్యాబ్‌లో ప్రశ్నలు చూసి అడిగి, బాధలో ఉన్నవారిని పీహెచ్‌సీకి పంపారు. అలా బాధలో ఉన్నవారిలో వైద్యం అందుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. సంతోషమే. అయినా నూటికి 87 మందికి అప్పటికీ అందలేదు. గుర్తించి పంపడంతోనే పని తీరదని మా అభిప్రాయం.

మనోవేదన ఉంటే 14416 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమంటున్నారు. మంచి సేవే, తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ దొరకని గూడేనికి, ఫోన్ మొగుడి జేబులో ఉండే ఇంటికి, కోయ తప్ప మరో మాట రాని అవ్వకు దాంతో ఏం ఒరుగుతుంది?

కాబట్టి ప్రతి పీహెచ్‌సీకి కోయ, తెలుగు రెండూ వచ్చిన స్థానిక మహిళను కౌన్సెలర్‌గా నియమించి, నెలనెలా జీతమివ్వాలి. మా రిజిస్టర్లకు ఇంకొకటి తగిలించి, ఇదీ ఆశాలే చూసుకుంటారని మాత్రం అనొద్దని వేడుకుంటున్నాం. ఆమె కూర్చోవడానికి తలుపున్న గది కావాలి. వరండాలో కుర్చీ వేస్తే ఏ ఆడపిల్లా నోరు విప్పదు. సంత రోజు తప్పకుండా ఉండాలి, ఆ రోజైతే ఆడవాళ్లు ఇల్లు కదలడానికి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యులు నెలకు రెండుసార్లు ఆమె పని చూసి దిద్దాలి, మందులు అవసరమైనవారిని వారే చూడాలి.

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి వచ్చినవారి ఇంటికి వారంలోగా కౌన్సెలర్ వెళ్లాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ అలాంటివారికి వైద్యం, పునరావాసం అందించే బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది. 18వ సెక్షన్ మానసిక వైద్యం అందరి హక్కు అంటోంది. వరద బాధితులకూ ఈ సాయం కావాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆనాడు ఇళ్లు మునిగినవారిలో గట్టి వాన పడితే నేటికీ నిద్రపోనివారున్నారు. ఇకపై పునరావాస కేంద్రాల్లో బియ్యం, దుప్పట్లతో పాటు కౌన్సెలర్ కూడా ఉండాలి.

మిర్చి ధర పడిపోయినవాడి అప్పు మాటలతో తీరదు, పోడు కేసు కౌన్సెలింగ్‌తో పోదు. ఆ సంగతి మాకు తెలుసు. వాటి కోసం వేరే వినతిపత్రాలు ఇచ్చాం, ఇంకా ఇస్తాం.

ముందుగా మండలానికి ఒక్క పీహెచ్‌సీలోనైనా వచ్చే వానాకాలం లోపు మొదలుపెట్టి, ఏ తేదీన మొదలవుతుందో మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
చర్ల, దుమ్ముగూడెం మండలాల ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులు