తీజ్ పాట బడికి రావాలి

శ్రావణం వచ్చిందంటే మా అచ్చంపేట చుట్టుపక్కల లంబాడీ తండాల్లో తీజ్ సందడి మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు దుసేరు తీగతో అల్లిన బుట్టల్లో పుట్టమన్ను నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. అందులో రేగుముళ్ల వేడుక చూసి తీరాలి. ముల్లుముల్లుకూ ఒక శనగ గుచ్చాలి. గుచ్చుతున్నంతసేపూ వరసైన పిల్లగాళ్లు కొమ్మను ఊపుతూనే ఉంటారు. వేలికి ముల్లు దిగినా ఆ పిల్ల చెయ్యి వెనక్కి తియ్యదు. ఏడో రోజు ఢమోళి, మేరామ యాడి దేవతకు చుర్మో నైవేద్యం. చివరిరోజు మొలకలు అన్నదమ్ముల తలపాగాల్లో పెట్టి, బుట్టలు నీళ్లలో కలిపేటప్పుడు ఏడవని పిల్ల ఉండదు.

బంజారాలని కూడా పిలిచే లంబాడీల పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ, మొగలు సైన్యాలకు తిండిగింజలు అందిస్తూ దక్కనుకు వచ్చారు. రైళ్లొచ్చాక ఆ బేరం పడిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం దేశంలో చాలాచోట్ల వాళ్ల మీద దొంగలన్న ముద్ర వేసింది. ఇన్ని పోగొట్టుకున్నా తమ మాట గోర్ బోలిని మాత్రం పోగొట్టుకోలేదు. లిపి లేని ఆ భాషను ఇన్ని తరాలు నిలబెట్టింది ఆడవాళ్ల పాటలేనని నా నమ్మకం. దేవుణ్ని పిలిచేదీ ఆ పాటల్లోనే, పెళ్లికూతురు పుట్టింటిని తలచుకుని ఏడ్చేదీ వాటిలోనే.

భాష నిలబడటం గురించి అనుకున్నప్పుడల్లా నాకు కలకత్తా గ్రీకులు గుర్తొస్తారు. 18వ శతాబ్దంలో వ్యాపారానికొచ్చి అక్కడ స్థిరపడ్డ కొద్ది కుటుంబాలు వాళ్లవి. పిల్లలకు తమ భాషలో చదువు చెప్పించడానికి 1786లో దిమిత్రియోస్ గలానోస్ అనే పంతులును అంత దూరం నుంచి రప్పించుకున్నారు. ఆయన తర్వాత కాశీ చేరి, భగవద్గీతను గ్రీకులోకి అనువదించి, 1833లో అక్కడే కన్నుమూశాడు. కాళీఘాట్ దగ్గర 1920లలో వాళ్లు కట్టుకున్న చర్చి, ఎత్తైన స్తంభాలతో ఇప్పటికీ నిలిచే ఉంది. ఆ వ్యాపారుల కుటుంబాలే లేవు. అక్కడ ఇప్పుడు ప్రార్థన చేసేది ఎక్కువగా బెంగాలీలు. ఆ విశ్వాసం మరొకరి చేతుల్లో బతికినందుకు సంతోషమే. కానీ దాన్ని మోసుకొచ్చిన ఇళ్లూ లేవు, ఆ ఇళ్లలోని మాటా లేదు.

మన లంబాడీలు గుప్పెడు మంది కారు. 2011 జనగణన ప్రకారం తెలంగాణలోనే 20 లక్షల పైచిలుకు. ఆ గ్రీకుల్లా జనమే కనుమరుగయ్యే భయం లేదు. భయమల్లా ఇంట్లోంచి భాష పోతుందేమోనని. పనికోసం హైదరాబాద్, పుణె, ముంబై పోయిన తల్లిదండ్రులు పిల్లలతో తెలుగో హిందీయో మాట్లాడతారు. హాస్టల్ నుంచి పండక్కొచ్చిన పిల్ల అవ్వ పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది, పల్లవి అందుకోలేకపోతుంది. ఆ పిల్ల తప్పేముంది? ఎవరూ నేర్పలేదు.

తండాలు పంచాయతీలయ్యాయి. బంజారాహిల్స్‌లో 2022లో బంజారా భవన్ వెలిసింది. ఫిబ్రవరి 15న బంజారాల గురువు సేవాలాల్ జయంతిని సర్కారే జరుపుతోంది. వీటిలో ఒక్కటీ కాదనేది లేదు, ఇవన్నీ న్యాయంగా రావలసినవే. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ కథల సంపుటి ‘ఢావ్లో’కు సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చినప్పుడు నేనెంత పొంగిపోయానో చెప్పలేను. కానీ తండా బడిలో ఒకటో తరగతి పిల్లకు ఇంటిమాటలో ఒక్క పాఠమైనా వినపడుతోందా?

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమని రాజ్యాంగం 350ఏ అధికరణంలో చెబుతోంది. ఇది కొత్త పనీ కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టినప్పుడు, బంజారా భాషకూ తెలుగు అక్షరాల్లో వాచకాలు తయారుచేశారు. వాటిని బయటికి తీసి, సరిదిద్ది, వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి తండా పిల్లల చేతుల్లో పెట్టాలి. గోర్ బోలి వచ్చిన టీచర్లకు మన దగ్గర కొదవ లేదు. పాటలు వచ్చిన అవ్వలకు వారానికో పూట గౌరవ వేతనం ఇచ్చి అంగన్‌వాడీకి పిలవాలి. కొత్త తండా పంచాయతీల సర్పంచులే ముందుగా ఈ తీర్మానం చేసి జిల్లా విద్యాశాఖకు పంపాలి.